పాత కారుకు ముందు బ్రేకులు, ఆ తర్వాతే ఇంజిన్

నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో పాత ఇళ్ల ముందు ఇప్పటికీ అక్కడక్కడా ఒక కారు కనిపిస్తుంది. రేకుల షెడ్డు కింద, టార్పాలిన్ కప్పుకుని, గాలి దిగిపోయిన టైర్లతో. తెల్ల అంబాసిడరో, ప్రీమియర్ పద్మినీయో, పాత మారుతి 800ఓ. తాత కొన్నది, తండ్రి నడిపింది, అమ్మడానికి ఎవరికీ మనసొప్పనిది. సంక్రాంతికి ఊరొచ్చిన మనవడికి దాన్ని మళ్లీ నడపాలనిపిస్తుంది. కొత్త బ్యాటరీ వస్తుంది, ట్యాంకులోని పాత పెట్రోలు తీసేసి కొత్తది పోస్తారు, నాలుగైదు ప్రయత్నాల తర్వాత ఇంజిన్ అందుకుంటుంది. ఆ సంబరంలో వీధి చివరి దాకా ఒక రౌండు వేసి రావాలనిపించడం సహజం. పాత కారుతో పెట్టుకున్నవాళ్లకు అన్నిటికంటే ప్రమాదమైన క్షణం అదే. ఇంజిన్ బాగాలేకపోతే కారు కదలదు, అంతే. బ్రేకు బాగాలేకపోతే కారు ఆగదు.

అందుకే ఈ పని కింది నుంచి మొదలుకావాలి. ముందు బ్రేకులు, వాటితో పాటే సస్పెన్షన్, అంటే చక్రాలను రోడ్డుకు ఆనించి ఉంచే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు. తర్వాత ఇంజిన్. పెయింటు, సీట్లు అన్నిటికంటే చివర. ఏ ఊళ్లోనైనా ఇదే వరస మంచిది కానీ, పెన్నా, గుండ్లకమ్మ నదులు సముద్రంలో కలిసే ఈ తీరంలో దీనికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ పాత కారును తినేసేది తిరిగిన కిలోమీటర్లు కాదు, ఉప్పు గాలిలో కదలకుండా గడిచిన ఏళ్లు. తిరిగి అరిగిన భాగం అరిగానని చెబుతుంది. కీచుమంటుంది, ఊగుతుంది, టైరును ఒక పక్కే తింటుంది. నిలబడి చెడిన భాగం పైకి ఏమీ చెప్పదు. విప్పి చూస్తేనే తెలుస్తుంది.

బ్రేకు చేసే పని ఎంత పెద్దదో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. సుమారు 1,100 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. దాన్ని ఆపాలంటే లక్షన్నర జౌళ్ల పైచిలుకు శక్తిని వేడిగా మార్చాలి. అర లీటరు నీళ్లను మామూలు స్థితి నుంచి మరిగే దాకా తెచ్చేంత వేడి అది. ఆ పని నాలుగైదు సెకన్లలోపే, నాలుగు చక్రాల దగ్గరున్న ఇనుము, దాన్ని రాసుకుని ఆపే లైనర్లే చేయాలి. వేగం రెట్టింపైతే ఈ వేడి నాలుగు రెట్లవుతుంది. బ్రేకులు బాగా పట్టే కారు ఆ వేగంలో పెడల్ తొక్కాక 24 మీటర్లలో ఆగుతుందనుకుంటే, పట్టు సగానికి పడిపోయిన కారుకు 48 మీటర్లు కావాలి. వీధిలో అది రెండు మూడు ఇళ్ల ముంగిళ్ల తేడా. సైకిల్ తొక్కుకుంటూ సందులోంచి వచ్చే పిల్లవాడు ఆ తేడాలోనే ఉంటాడు.

ఇక ఉప్పు సంగతి. కొత్తపట్నం తీరం నుంచి ఒంగోలుకు, మైపాడు నుంచి నెల్లూరుకు మధ్యాహ్నం పూట వచ్చే సముద్రపు గాలి మనుషులకు హాయినిస్తుంది, ఇనుముకు మాత్రం పడదు. ఇసకపల్లి, కనుపర్తి లాంటి ఉప్పు కొఠార్లున్న ఊళ్లలో, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల చెరువుల మధ్య తిరిగిన కార్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. గాలిలోని తేమను ఉప్పు లాక్కుంటుంది. వాన పడకపోయినా, ఉప్పు పేరుకున్న ఇనుము రాత్రిపూట తడిగానే ఉంటుంది. పైగా ఉప్పులోని క్లోరైడు, ఇనుము మీద ఏర్పడే సన్నటి రక్షణ పొరను చీల్చుకుంటూ లోపలికి పోతుంది. అందుకే తీరప్రాంతపు తుప్పు పైపైన పొడిలా రాలే రకం కాదు, గుంటలు గుంటలుగా తినేస్తుంది. బ్రేకు సిలిండర్ లోపల అలాంటి ఒక్క గుంట చాలు.

వరదలో మునిగిన కారైతే అనుమానం ఇంకా పెంచుకోవాలి. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు దెబ్బతిన్న రోజుల్లో ఆ చుట్టుపక్కల నీళ్లలో నిలబడ్డ బండ్లకు ఇంజిన్ ఆయిల్ మార్చి సరిపెట్టుకుంటే చాలదు. చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ముల్లో ఒండ్రు చేరి ఉంటుంది. చక్రాల బేరింగుల్లో గ్రీజు నీళ్లతో కలిసి పాలు పోసిన కాఫీ రంగులోకి మారి ఉంటుంది. ఆ రంగు కనిపించిందంటే బేరింగ్ తీసి కడగాల్సిందే. దొర్లే గుండ్ల మీద మచ్చలుంటే పారేయాల్సిందే.

డ్రమ్ము విప్పితే కనిపించేది

అంబాసిడర్, పద్మిని కార్లు ఎక్కువ కాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులతోనే వచ్చాయి. మారుతి 800లో వెనక చక్రాలకు డ్రమ్ములు. కాబట్టి ఏ పాత కారైనా పని డ్రమ్ము దగ్గర మొదలవుతుంది. ఏళ్ల తరబడి హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేసిన కారులో లైనర్లు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. ముందు హ్యాండ్ బ్రేక్ వదలాలి, అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి లైనర్లను లోపలికి తీసుకోవాలి. మారుతి 800 వెనక డ్రమ్ముకు మరలున్న రెండు చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతటదే బయటికి వస్తుంది. సుత్తితో అంచు మీద కొడితే పోత ఇనుము పగులుతుంది. కొట్టక తప్పకపోతే మధ్యభాగంలో చెక్క అడ్డుపెట్టి నెమ్మదిగా తట్టాలి.

డ్రమ్ము వచ్చాక లోపలున్న నల్లటి దుమ్మును నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం మన దగ్గర మామూలుగా జరిగే పని. అది మానాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే దశాబ్దాల తర్వాత కూడా జబ్బు చేస్తుంది. నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పడేయాలి. మాస్కు ఉండాలి. ఇందులో బేరం లేదు.

ఇప్పుడు వీల్ సిలిండర్, అంటే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో లైనర్లను డ్రమ్ము మీదికి నెట్టేది. వేలెడంత ఉంటుంది, రెండు పక్కలా రబ్బరు టోపీలు. ఒక టోపీ అంచును గోటితో మెల్లగా ఎత్తి చూడాలి. లోపల పొడిగా ఉంటే సంతోషం. బ్రేక్ ఆయిల్ తడి కనిపిస్తే లోపలి కప్పు, అంటే ఆయిల్‌ను ఆపే రబ్బరు ముక్క, కారుతున్నట్టే. ఎక్కువగా కనిపించేది మూడో రకం, ఎర్రటి బురద. పిస్టన్ బయటికి తీసి, సిలిండర్ లోపలి గోడను శుభ్రంగా తుడిచి, టార్చి వేసి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. రబ్బరు కప్పు ఇన్నేళ్లూ కదిలిన చోట గోడ అద్దంలా మెరుస్తుంది. దానికి అంగుళంలో పావు వంతు లోపలికి వెళ్తే తుప్పు గుంటలు. గోరు పెట్టి గీస్తే తగులుతాయి.

ఇంటి మరమ్మతుల్లో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే పుడుతుంది. లైనర్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతూ వస్తాయి. కప్పులు సిలిండర్ బయటి అంచుల దగ్గరే పనిచేస్తుంటాయి. ఎవరో మంచి ఉద్దేశంతో కొత్త లైనర్లు వేస్తారు. అవి మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్లు మళ్లీ లోపలికి వెళ్లాలి. అంటే మెత్తటి రబ్బరు కప్పు ఇప్పుడు గుంటలు పడ్డ చోట రాసుకుంటుంది. కొద్ది రోజుల్లోనే దాని పెదవి తెగుతుంది. ఆయిల్ కొత్త లైనర్ల మీదికే కారుతుంది. "కొత్త లైనర్లు వేశాకే బ్రేకులు చెడిపోయాయి" అని జనం అనేది దీన్నే. లైనర్ల తప్పేమీ లేదు. సిలిండర్ చూడకుండా లైనర్లు మాత్రమే మార్చడం తప్పు.

పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కూ ఇదే జబ్బు. రోజూ నడిచే కారులో పెడల్ కొంత దూరమే దిగుతుంది, లోపలి రబ్బరు వాషర్లు అంతవరకే తిరుగుతాయి. ఏళ్లుగా ఆగిన కారుకు ఎయిర్ తీసేటప్పుడు, అంటే బ్రేకు లైన్లో చేరిన గాలిని బయటికి పంపేటప్పుడు, పెడల్‌ను ఫ్లోరుకు తగిలేలా తొక్కుతారు. వాషర్లు ఎన్నడూ వెళ్లని తుప్పు భాగంలోకి వెళ్లి చిరుగుతాయి. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి అది పూర్తిగా దిగకుండా చూసుకుంటే ఈ నష్టం తప్పుతుంది. అంతకంటే మంచి పని మాస్టర్ సిలిండర్‌ను ముందే విప్పి చూడడం.

సన్నటి గరుకురాళ్లున్న హోన్ తిప్పి లోపలి గోడను నునుపు చేస్తే పైపై మరకలు పోతాయి, గుంటలు పోవు. గుంటలు పోయేదాకా హోన్ తిప్పితే రంధ్రం పెద్దదై కప్పు వదులవుతుంది. కాబట్టి గుంటలున్న సిలిండర్‌ను మార్చడమే సరైన తీర్పు. స్పేర్లు నెల్లూరు ఆటోనగర్‌లో దొరకనివి చెన్నై పుదుపేటలో వెతుక్కోవచ్చు. అయితే బ్రేకు రబ్బరు భాగాలను మాత్రం పాత సామాన్ల నుంచి తీసుకోకూడదు. వాడకపోయినా రబ్బరు వయసు మీదపడి గట్టిపడుతుంది.

ఆయిల్ అనే పేరు తెచ్చిన తంటా

మన దగ్గర అందరూ బ్రేక్ ఆయిల్ అంటారు. నిజానికి అది ఆయిల్ కాదు. గ్లైకాల్ ఆధారంగా తయారైన ద్రవం. పేరులో ఆయిల్ ఉండడం వల్ల ఇంజిన్ ఆయిల్ గానీ, మిషన్ ఆయిల్ గానీ పోసి కారు పాడుచేసుకున్నవాళ్లున్నారు. ఖనిజ నూనె తగిలితే బ్రేకు రబ్బరులన్నీ ఉబ్బిపోతాయి. అప్పుడు లైన్ మొత్తంలో రబ్బరు అన్నది ప్రతిదీ మార్చాలి. సిలిండర్ భాగాలను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగకూడదని చెప్పేది కూడా ఇందుకే. స్పిరిట్‌తో గానీ కొత్త బ్రేక్ ఆయిల్‌తో గానీ కడగాలి. బ్రేక్ ఆయిల్ పెయింటును కూడా తినేస్తుంది. మడ్‌గార్డు మీద ఒక్క చుక్క పడ్డా వెంటనే నీళ్లు పోయాలి.

ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అది లోపమూ, రక్షణా రెండూ. లోపలికి చేరిన నీళ్లు ఒకచోట చుక్కగా నిలబడకుండా ద్రవంలో కలిసిపోతాయి. కానీ నీళ్లు కలిసేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 3 రకానికి కనీస ప్రమాణం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలైతే, 3.7 శాతం నీళ్లు చేరాక 140. డాట్ 4కి 230, 155. సీసా పాతబడి, మూత సరిగ్గా లేని రిజర్వాయర్లో, అంటే ద్రవం పోసే డబ్బాలో, ఏళ్లు గడిస్తే ఆ నీళ్లు చేరడం పెద్ద కష్టం కాదు. ఒంగోలు వీధుల్లో దాని ప్రభావం తెలియదు. దోర్నాల దాటి శ్రీశైలం వెళ్లి, తిరిగి ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ వస్తే సిలిండర్లు వేడెక్కి, లోపల ద్రవం మరిగి, ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. పెడల్ మెత్తగా కిందికి పోతుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది. పాత కారులో ఘాట్ దిగేవాళ్లు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

రెండేళ్లకొకసారి మొత్తం ద్రవం మార్చాలి. మూత తీసిన సీసాను నెలల తరబడి అటక మీద దాచి మళ్లీ వాడకూడదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే జాతివి. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, అది వీటితో కలవదు. పేరు దగ్గరగా ఉందని మోసపోకూడదు.

రబ్బరు గొట్టాలది ఇంకో కథ. బయట చక్కగా నల్లగా నిగనిగలాడుతున్న గొట్టం లోపల ఉబ్బి, దారి సూది బెజ్జమంత అయిపోయి ఉండొచ్చు. పెడల్ తొక్కితే బలంగా వచ్చే ఒత్తిడి ఆ సన్నదారిలోంచి వెళ్లిపోతుంది. పెడల్ వదిలాక వెనక్కి వచ్చే శక్తి తక్కువ కాబట్టి ద్రవం తిరిగి రాలేదు. చక్రం పట్టేసి ఉంటుంది. కారు కొద్దిదూరం నడిచాక ఒక చక్రం మాత్రమే కాలిపోతుంటే, సిలిండర్ కొత్తదైతే, అనుమానం గొట్టం మీదికి వెళ్లాలి. పాత గొట్టాన్ని నిలువుగా కోసి చూసినవాళ్లు మళ్లీ ఎప్పుడూ "పైకి బాగానే ఉందిగా" అనరు. ఇనుప పైపులకైతే క్లిప్పుల కింద, మట్టి నిలిచే చోట తుప్పు ముందు వస్తుంది. క్లిప్పు విప్పకుండా పైపు బాగుందని చెప్పలేం. పాత కార్లలో చాలావాటికి బ్రేకు లైన్ ఒక్కటే. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది, మిగిలేది హ్యాండ్ బ్రేక్ ఒక్కటే. అందుకే హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ను చివర్లో చేసే చిన్న పనిగా చూడకూడదు.

కమాన్ కట్టలు, షాక్ అబ్జార్బర్లు

బ్రేకు ఎంత బలంగా పట్టినా, టైరు రోడ్డుకు ఆనుకుని ఉంటేనే కారు ఆగుతుంది. ఆ ఆనించే పని సస్పెన్షన్‌ది. షాక్ అబ్జార్బర్ పోయిన కారు గతుకు మీద గంతేసినప్పుడల్లా టైరు రోడ్డును కాసేపు వదిలేస్తుంది. ఆ కాసేపు బ్రేకు ఉన్నా లేనట్టే. అందుకే ఈ రెండు పనులనూ విడదీయడం కుదరదు.

మూడు కార్లకూ మూడు రకాల ఏర్పాట్లు. హిందుస్థాన్ మోటార్స్ 1958 నుంచి 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. దానికి ముందు వైపు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే పొడవాటి ఉక్కు కడ్డీలు. వెనక కమాన్ కట్టలు. పద్మినికి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. మారుతి 800కి ముందు స్ట్రట్లు, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే గొట్టంగా ఉండేవి.

కమాన్ కట్టల విషయంలో, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన వంపు ఉక్కు పట్టీల విషయంలో, ఈ ప్రాంతానికి ఒక మేలుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు లారీలు, చీమకుర్తి నుంచి గ్రానైటు బండలు మోసే ట్రెయిలర్లు. వాటి వల్ల పట్టీలు సరిచేసే పనివాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. కారు పట్టీ వాళ్లకు పిల్లాట. అయితే లారీ అలవాటు కారుకు పనికిరాని చోటు ఒకటుంది. వెనక భాగం కుంగిపోయిందంటే అదనంగా ఒకటో రెండో పట్టీలు వేసి ఎత్తేస్తారు. కారు ఎత్తుగా, ఠీవిగా నిలబడుతుంది. బరువు లేని కారుకు గట్టి కమాన్ కట్ట అంటే గతుకుల మీద టైరు ఎగరడమే. బ్రేకు తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే బిగిసి జారతాయి. ఎన్ని పట్టీలతో వచ్చిందో అన్ని పట్టీలే ఉండాలి, వాటి వంపును మాత్రం తిరిగి తెప్పించుకోవాలి. అదీ గ్యాస్ మంటతో ఒక్కచోట కాల్చి వంచడం కాదు. స్ప్రింగు ఉక్కుకు దాని గుణం వేడిచేసి చల్లార్చిన పద్ధతిలో వచ్చింది. ఇష్టం వచ్చినట్టు కాలిస్తే ఆ గుణం పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ కుంగుతుంది, లేదా అక్కడే విరుగుతుంది.

ఇంటి దగ్గర చేయగలిగింది పట్టీల మధ్య తుప్పును తీయడం. కట్ట విప్పి ఒక్కో పట్టీని వైర్ బ్రష్‌తో రుద్ది చూస్తే, మధ్య బోల్టు రంధ్రం దగ్గరా, చిన్న పట్టీ కొన పెద్ద పట్టీని ఒరుసుకునే చోటా సన్నటి గీత కనిపించొచ్చు. అది మరక కాదు, పగులు. ఆ పట్టీ పనికిరాదు. బాగున్నవాటి మధ్య పల్చగా గ్రీజు రాసి కట్టాలి. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులను ఎప్పుడూ కొత్తవే వేయాలి, ఒకసారి సాగిన మరలను నమ్మలేం.

సస్పెన్షన్ కదిలే అతుకుల దగ్గరుండే రబ్బరు బుష్‌లు ఎండకు, వయసుకు బీటలు వారి ఉంటాయి. రోహిణి కార్తె ఎండలు ఏటా చూసిన రబ్బరు అంతకంటే బాగుంటుందని ఆశించలేం. వాటిని మార్చడం కష్టం కాదు, బిగించే పద్ధతే ముఖ్యం. కారు జాకీ మీద ఉండగా, చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బుష్ బోల్టులు గట్టిగా బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కొత్త బుష్ కొద్ది నెలల్లో చిరిగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. వదులుగా తగిలించి, కారును చక్రాల మీద నిలబెట్టి, రెండుసార్లు కుదిపి, అప్పుడు బిగించాలి.

టార్షన్ బార్లు విప్పేముందు అవి ఏ పళ్లలో కూర్చున్నాయో పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి. సూదితో గీయకూడదు, ఆ గీతే తర్వాత పగులుకు మొదలవుతుంది. కుడి ఎడమలు మార్చకూడదు. ఇక కాయిల్ స్ప్రింగు. ముడుచుకుని ఉన్న స్ప్రింగులో దాగిన బలం మనిషి ప్రాణం తీయగలదు. స్ప్రింగు కంప్రెసర్ లేకుండా, తాళ్లతో కట్టి, ఇనుప కడ్డీతో ఎగదన్ని పద్మిని ముందు స్ప్రింగునో మారుతి స్ట్రట్‌నో విప్పే ప్రయత్నం ఇంటి దగ్గర చేయవద్దు. ఆ పని మెకానిక్ షెడ్డుకు పంపించడం చేతకానితనం కాదు.

ఇంటికి ఉన్న బలం

షెడ్డులో లేనిదీ, ఇంట్లో ఉన్నదీ ఒకటే, సమయం. తుప్పు పట్టిన నట్టును మూడు రోజుల పాటు సాయంత్రం సాయంత్రం చొచ్చుకుపోయే నూనెతో తడిపి, నాలుగో రోజు రింగు పానాతో విప్పే ఓపిక ఇంటి మనిషికే ఉంటుంది. పది బండ్లు వరసలో ఉన్న మెకానిక్ గ్యాస్ కట్టర్ అందుకుంటాడు, ఆయన్ను తప్పుపట్టలేం. తీసిన ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, డబ్బాలో వేసి, పేరు రాసి పెట్టుకోవడమూ ఇంట్లోనే సాధ్యం. ఒకేసారి రెండు పక్కలా విప్పకుండా, ఒక పక్క పూర్తిచేస్తూ రెండో పక్కను నమూనాగా ఉంచుకుంటే, ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో తగిలించాలో తెలియక కూర్చునే అవసరం రాదు.

డ్రమ్ములు లేత్ మీద టర్నింగ్ కొట్టించడం, లైనర్లు రివెట్ చేయించడం, పట్టీల వంపు, చివర్లో వీల్ అలైన్‌మెంట్ బయట చేయించాల్సినవి. డ్రమ్మును ఎంతవరకు కోయొచ్చో కంపెనీ పెట్టిన పరిమితి ఉంటుంది. దాన్ని దాటిన డ్రమ్ము పల్చబడి వేడికి సాగుతుంది. ఒక పక్క డ్రమ్ము కోయిస్తే రెండో పక్కదీ అంతే కోయించాలి, లేకపోతే బ్రేకు తొక్కినప్పుడల్లా కారు ఒక పక్కకు లాగుతుంది.

కారును పైకి ఎత్తి నిలబెట్టడంలో ఈ నేల ప్రత్యేకంగా జాగ్రత్త అడుగుతుంది. తీరం దగ్గర ఇళ్ల ముంగిళ్లలో ఇసుక నేల. జాకీ ఒక పక్కకు కూరుకుపోతుంది. చాలామంది చేతికందిన కడప బండనో, గ్రానైటు ముక్కనో కింద పెడతారు. రాయి ఒక్కచోట బరువు పడితే హెచ్చరిక లేకుండా పగులుతుంది. బోలు సిమెంటు ఇటుక పిండి అయిపోతుంది. రెండంగుళాల మందమున్న వెడల్పాటి చెక్క పలక, దాని మీద ఇనుప స్టాండ్లు, మిగిలిన చక్రాలకు ముందూ వెనకా అడ్డు. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. తీసిన చక్రాన్ని కూడా కారు కిందే పడుకోబెడితే ఏదైనా జారినా మనిషికి చోటు మిగులుతుంది. పనికి మంచి కాలం సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా. అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు. విప్పిన సిలిండర్లు, కొత్తగా టర్నింగ్ కొట్టించిన డ్రమ్ములు ఆ తేమలో రాత్రికి రాత్రే ఎర్రబడతాయి.

అన్నీ బిగించాక ఎయిర్ తీయాలి. దీనికి ఇద్దరు కావాలి, ఇద్దరి మధ్యా మాట స్పష్టంగా ఉండాలి. చక్రం దగ్గర కొడుకు, సీట్లో తండ్రి అనుకుందాం. "తొక్కు నాన్నా" అంటే తొక్కి, "పట్టుకున్నా" అని బదులొచ్చాకే చక్రం దగ్గర గాలి పోవడానికున్న నిపుల్‌ను వదులు చేయాలి. బుడగలతో ద్రవం సీసాలోకి వస్తుంది, పెడల్ కిందికి దిగుతుంది. నిపుల్ బిగించాక "వదులు" అంటేనే కాలు తీయాలి. ఈ వరస తప్పితే బయటికి పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉండే వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావడం మామూలు పద్ధతి. రెండు లైన్లున్న కొన్ని మోడళ్లలో వరస వేరుగా ఉంటుంది, ఆ కారు మాన్యువల్ చూసుకోవాలి. రిజర్వాయర్ మధ్యలో ఖాళీ అయిందంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత పెడల్ చెప్పేది వినాలి. స్పాంజిలా ఉంటే లోపల ఇంకా గాలి ఉంది. గట్టిగానే ఉండి చాలా కిందికి దిగాక పడుతుంటే లైనర్లు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయి, అడ్జస్టర్ తిప్పాలి. తొక్కి పట్టుకుంటే నిమిషంలో మెల్లగా దిగిపోతుంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్ ఒత్తిడిని వదిలేస్తోంది. కారు ఒక పక్కకు లాగితే రెండో పక్క సిలిండర్ కదలకుండా బిగిసిపోయి బ్రేకు పట్టకపోవచ్చు, లేదా లైనర్ మీద గ్రీజు పడి ఉండొచ్చు. గ్రీజు తాగిన లైనర్‌ను ఎంత కడిగినా లాభం లేదు, మార్చాలి.

రోడ్డెక్కే ముందు కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీతో రెన్యూవల్. యాభై ఏళ్లు దాటి, మార్పులు లేకుండా ఉన్న బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి.

మొదటి ప్రయాణం ప్రహరీ లోపలే, నడక వేగంలో, హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి పెట్టుకుని. తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, 40 దాటకుండా ఇరవై సార్లు మెల్లగా ఆపుతూ, మధ్య మధ్యలో చల్లారనిస్తూ. కొత్త లైనర్లు డ్రమ్ము వంపుకు తగ్గట్టు కూర్చోవాలంటే ఇది అవసరం. ఇంటికి రాగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి వేడి చూడాలి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రం మళ్లీ విప్పాలి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, చక్రాల నట్లు మరోసారి బిగించి, పైపుల అతుకుల దగ్గర పొడిగుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడాలి. ద్రవం మార్చిన తేదీని చిన్న కాగితం మీద రాసి రిజర్వాయర్ పక్కన అంటించి, కారును వారానికొకసారైనా కొత్తపట్నమో, మైపాడో తీసుకెళ్లి తిప్పి, వచ్చాక కింది భాగాన్ని మంచినీళ్లతో కడగాలి. మళ్లీ షెడ్డులో పెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకుండా, గేరులో ఉంచి, చక్రానికి ఒక చెక్క ముక్క అడ్డు పెట్టాలి.